మా పెట్టె, వాళ్ల టీవీ

నా కొడుకు బుద్ధిమంతుడే గానీ, దేనిమీదైనా తీర్పు చెప్పాలంటే వాడికి క్షణం పట్టదు. మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, కల్లూరులో మా ఇంటి వసారాలో నేను వేరుశనగ బుడ్డలు ఒలుచుకుంటా కూర్చుంటే, వాడు పక్కన ఫోన్ పట్టుకొని ఏదో ఆట ఆడతా ఒకటే సణుగుడు. ఏందిరా అంటే, ఇంత చెత్త ఆట పుట్టినాక చూడలేదమ్మా అన్నాడు. పాతకాలం వీడియో గేముల పిచ్చి ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఫోన్‌లో ఉందంట, వీడూ అందులో ఒకడంట. ఈ ఆట పేరెత్తితే చాలు, అంతవరకూ అన్నదమ్ముల్లాగ మాట్లాడుకునేవాళ్లు రెండు పార్టీలైపోతారంట. ఇంత గొప్ప ఆట మళ్లా రాలేదని సగం మంది, దీన్ని ఆట అంటే ఆటలకే అవమానమని సగం మంది. దీన్ని తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయని ఒకాయన రాస్తే, నాకూ తిరుగుతాయి, ఒక వేసవి సెలవులంతా దీనికి బలిచేసినందుకు, అని ఇంకొకాయన రాసినాడంట.

నాకు ఈ ఫోన్ ఆటల సంగతి పట్టదు. కొడుకు చూపిస్తాండాడు కదా అని ఊరికే వంగి చూసినాను. ఇసుకరంగు నేల. ఇద్దరు చిన్న మనుషులు, ముందరోడికి ఎర్ర టోపీ, వెనకోడికి నీలం టోపీ. ఇద్దరి భుజాల మీద ఒక వెదురు గడ, గడ నడుమ వేలాడతా ఒక నీళ్లకుండ. బుడ్డల చేట నా ఒళ్లోనుంచి జారిపోయింది. ఇది మా ఆటరా అన్నాను. వాడు నవ్వినాడు. వాడి లెక్కలో మా కాలానికి ఇంకా కరెంటే రాలేదు.

ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటి లోపలికి పోతే మా ఊరు. మా వీధి మొత్తం ఒక రాతి చర్చి చుట్టూ ఉండేది, మేము దాన్ని గుడి అనే అంటాము. మావాళ్లకు తలా కాస్త మెట్టభూమి. వాన పడితే బుడ్డలు, జొన్నలు. పడకపోతే ఇంకొకరి చేలో కూలి. అమ్మానాయనా తెల్లారి పనికి పోతే నేను మా జేజి దగ్గర పెరిగినాను. జేజి అంటే నాయనకు తల్లి. సన్నని మనిషి, ఎవరో వెనకనుంచి తరుముతాన్నట్టు నడిచేది. జేజి రొట్టె తడితే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. తినేటప్పుడూ తొందరే, ప్రార్థన చేసేటప్పుడూ తొందరే. దేవుడికి కూడా వేరే పనులుంటాయి కదే అనేది.

మా పిల్లలకు క్రిస్మస్ కంటే కోత పండుగ గొప్పది. ఆరోజు గుడి గుమ్మానికి రెండు పక్కలా జొన్నకంకులు కట్టేవాళ్లు. ఎవరింట్లో పండింది వాళ్లు తెచ్చి లోపల ప్రభువు బల్లముందర పెట్టేవాళ్లు. బుడ్డల మూటలు, గుమ్మడికాయలు, నిమ్మకాయ ఊరగాయ జాడీలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పాస్టరు అయ్యగారు ప్రసంగం చేస్తాంటే నడుమ కోడి కూసేది, మేము నవ్వు ఆపుకోలేక చాప మీద పొర్లేవాళ్లం. మూటకు చిన్న బొక్క పొడిచి బుడ్డలు లాక్కోవడం మా పని. పచ్చి బుడ్డల మన్ను వాసన, కోళ్ల వాసన, ఊరగాయ వాసన, కొత్త చీరల గంజి వాసన, అన్నీ కలిసి ఆ రాతిగోడల మధ్య తిరుగుతాండేవి. ఆరాధన అయినాక పందిట్లో వేలంపాట. సంఘపెద్ద ఒక్కొక్క కానుకా పైకెత్తి చూపిస్తే, జనం పాడి కొనుక్కునేవాళ్లు, వచ్చింది గుడికి పోయేది. దానికొక కట్టుబాటు ఉండేది. ఎంత చిన్న కానుకైనా సరే, పాడేవాళ్లు లేక బల్లమీద మిగలకూడదు. మిగిలితే అది తెచ్చినవాళ్ల ముఖం మీద కొట్టినట్టే. వాడిపోయిన సొరకాయకైనా ఎవరో ఒకరు చెయ్యి ఎత్తేవాళ్లు.

మా ఇంటికి ఎదురిల్లు ఇంకొక అవ్వది. నేను ఆమెను ఎదురింటి అవ్వ అనేదాన్ని. లావు మనిషి, మెల్లని మనిషి, మాట్లాడితే మాటకూ మాటకూ నడుమ మనం నీళ్లు తాగి రావచ్చు. ఆమె చిన్నకొడుకు కువైట్‌కు పోయినాడు. పోయేటప్పుడు అవ్వ, వీని మొదటి జీతంతో కొన్న మొదటి వస్తువు నీకే ప్రభువా అని మాట ఇచ్చిందంట. ప్రథమఫలం మావాళ్లందరూ ఇస్తారు, తొలి పంటా, తొలి పెట్టగుడ్డూ, తొలి జీతమూ. కానీ అవ్వ ఈ మాట కొడుక్కు చెప్పడం మరిచిపోయింది. ఆయన సెలవు మీద వచ్చి పెట్టె తెరిచి, సబ్బులూ, దుప్పట్లూ, ఒక కలర్ టీవీ పంచిపెట్టినాక, అడుగునుంచి ఒక అట్టపెట్టె తీసి, అన్నిటికంటే ముందర నేను కొనుక్కున్నది ఇదేమ్మా అని మురిసిపోతా చూపించినాడంట. అది వీడియో గేము. చిన్నప్పుడు కర్నూలులో ఒక దుకాణం అద్దంలో చూసి ఆశపడి, ఇన్నేండ్లకు కొనుక్కున్నాడు పాపం. అవ్వ ఆ పెట్టెను మూసి పక్కన పెట్టి, ఇది దేవునిది అనిందంట.

ఆయన శానా బతిమాలినాడు. గుడికి గోడగడియారం ఇస్తా, ఫ్యాను ఇస్తా అన్నాడు. అవ్వ కదల్లేదు. మొదటిది అంటే మొదటిదే, దేవునితో మాట మారుస్తామా అనింది. అట్ల ఆ వీడియో గేము రెండు గుమ్మడికాయల నడుమ బల్లముందరికి వచ్చి కూర్చుంది. నాకు తెలిసి లోకంలో ఇంకే గుడిలోనూ ఇట్లాంటి కానుక పడి ఉండదు.

వేలంపాటలో దాని వంతు వచ్చినప్పుడు సంఘపెద్ద దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పినాడు. అట్టమీద ఇద్దరు మనుషులు ఒక గడ పట్టుకొని ఉన్నారు. ఆయన దాన్ని కర్రసాము సామాను అన్నాడు. ఎవరూ పాడలేదు. మా వీధిలో ఎదురింట్లో తప్ప టీవీ ఎవరింట్లోనూ లేదు, దాన్ని ఏం చేసుకుంటారు. సంఘపెద్ద ఒకటోసారి అని ఆగినాడు. అవ్వ కొడుకు, మా కువైట్ చిన్నాయన, పందిరి కట్టెల వైపు చూస్తా నిలబడినాడు. అవ్వ కొంగు తలమీదికి లాక్కొని ముఖం నేలకు దించింది.

అప్పుడు మా జేజి చెయ్యి లేచింది. ఎంతకు పాడిందో నాకు గుర్తులేదు, గుర్తున్నా చెప్పను. పందిరంతా జేజి వైపు తిరిగింది. ఎందుకంటే జేజికీ ఆ అవ్వకూ మాటల్లేక అప్పటికి ఏండ్లు గడిచినాయి.

వాళ్లిద్దరూ ఒక ఈడువాళ్లు. ఒకే సాలులో కలుపు తీసినారు, ఒకే బాయిలో నీళ్లు చేదినారు, గుడిలో ఆడవాళ్ల చాపమీద ముందర కూర్చొని కీర్తనలు ఎత్తుకునేది కూడా వాళ్లే. ఒక క్రిస్మస్ నాడు బయటినుంచి పెద్ద అయ్యగార్లు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి పాట ఎత్తుకున్నారు. చరణం మధ్యలో, పైస్థాయిలో, అవ్వ చటుక్కున ఆగిపోయింది. జేజి ఒక్కతే అక్కడ దొరికిపోయింది. గొంతు కీచుమని చీలింది. జనం నవ్వినారు. ఆరోజునుంచి జేజి చాపకు ఈ చివర, అవ్వ ఆ చివర. నడిమధ్యలో నన్ను ఇడిసిపెట్టిందని జేజి అనేది. నన్ను ఇడిసిపెట్టి ముందుకు ఉరికిందని అవ్వ అనేదంట. రెండు ఇండ్ల మధ్య ఉన్నది ఒక వీధి, దాటితే పది అడుగులు కూడా ఉండవు. వాళ్లు దాటలేదు.

పెట్టె మా ఇంటికి వచ్చింది. జేజి దాన్ని పాత చీరతో చుట్టి నా నడుముకు ఎత్తి, పోయి వాళ్లకు ఇచ్చిరాపో అనింది. నేను వీధి దాటి ఇస్తే, దేవునికిచ్చింది మళ్లా ఇంట్లో పెట్టుకుంటే ఇల్లు నిలుస్తాదా అని అవ్వ నాతోనే వెనక్కి పంపింది. అట్ల పోతా వస్తా నా నడుము కందిపోయింది. చివరికి కువైట్ చిన్నాయనే తట్టుకోలేక ఒక దారి చెప్పినాడు. పెట్టె మీదే, టీవీ మాది, సాయంత్రం తెచ్చుకొని ఆడుకొని తీసుకొనిపోండి అన్నాడు. జేజి ఒప్పుకుంది. కానీ దీపాలవేళకు నా పెట్టె నా ఇంట్లో ఉండల్ల అనింది.

ఎదురింట్లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది, అవ్వకు మనవరాలు, కువైట్ చిన్నాయనకు అన్న కూతురు. ఆ పిల్లా నేనూ ఒక తరగతి. చిన్నాయన టీవీ వెనక తీగ గుచ్చి, క్యాసెట్ పెట్టి మీట నొక్కితే పాట ఒకటి మోగింది, ఇద్దరు బుడ్డోళ్లు వచ్చి నిలబడినారు. రిమోట్లు రెండు. ఒక రిమోట్‌కు ఒక మనిషి. మీట ఒకసారి నొక్కితే ఒక అడుగు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే కుండ కదలకుండా పోతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే గడ వంకరపోయి నీళ్లు ఒలుకుతాయి. పైన మూలలో ఒక నీటిచుక్క బొమ్మ, అది ఎండిపోతా పోతే ఆట అయిపోయినట్టు. ఊరికే నిలబడినా ఎండ దాన్ని కొంచెం కొంచెం తాగేస్తుంది. దారిలో రాళ్లు, ఇసుక, ఆ తర్వాత ఊగే చెక్కవంతెన. ఆ అవతల ఏముందో ఎవరికీ తెలీదు. చంపడానికి ఎవరూ లేరు, మనల్ని చంపేవాళ్లూ లేరు. మోసుకొని పోవడమే.

చిన్నాయన ముఖం మాడిపోయింది. అట్టమీద బొమ్మ చూసి ఆయన కూడా కర్రసాము అనే అనుకొని కొన్నాడంట. వీధిలో మగపిల్లోళ్లు గుంపుగా వచ్చి కిటికీకి వేలాడినారు. రెండు రోజులు చూసి, తుపాకీ లేదు, కారు లేదు, పరిగెత్తనియ్యదు, ఇదేం ఆటప్పా అన్నారు. అన్నిటికంటే వాళ్లకు మంట ఎక్కడంటే, తప్పు పక్కోడు చేస్తే నీళ్లు ఇద్దరివీ పోతాయి. ఇందులో న్యాయం లేదని వాళ్ల వాదన. అది నిజమే. ఇప్పుడు నా కొడుకు గుంపులో సగం మంది రాస్తాండేది కూడా అదే మాట.

మాకిద్దరికీ మాత్రం ఆ ఆట పిచ్చిగా పట్టుకుంది. ఎందుకు అంటే చెప్పడం కష్టం. కుండ కదలకుండా నాలుగు అడుగులు పోయినప్పుడు, నా పక్కనున్న పిల్ల బొటనవేలు నా బొటనవేలుతో పాటు లేస్తాందని తెలిసినప్పుడు, ఒళ్లు ఝల్లుమనేది. ఆ మాదిరి సంతోషం నాకు తొక్కుడుబిళ్లలో గెలిచినా దొరకలేదు. ఆ ఆట చేసినాయన యా దేశంవాడో గానీ, ఇంకొకరితో కలిసి బరువు మోసినోడే అయుంటాడు. కానీ వంతెన దగ్గర ప్రతిసారీ పడిపోయేది. నువ్వు ఉరికినావని ఆ పిల్ల, నువ్వు ఆగిపోయినావని నేను, జడలు పట్టుకునేదాకా వచ్చేది. అవ్వ మంచం మీదనుంచే మాకు ఉల్లిగడ్డ వేసిన బొరుగులు అందించి మా నోళ్లు మూయించేది. ఆ ఇంట్లో కువైట్ సబ్బు వాసనా, అవ్వ ఛాతీకి రుద్దుకునే తైలం వాసనా కలిసి ఉండేవి. అవ్వకు దగ్గు. ఒకసారి మొదలైతే కాసేపు ఆగేది కాదు.

పెట్టె నడుమున పెట్టుకొని ఇంటికి రాగానే జేజి దాన్ని విప్పి చూసేది, ఏదో లెక్క సరిచూసుకుంటాన్నట్టు. తర్వాత పొయ్యి వైపు తిరిగి అడిగేది. ఆ ఇంట్లో దగ్గు ఎక్కువగా వినిపిస్తాండాది, మందు తాగుతాండారా లేదా. ఈపూట సంగటి చేసినారా, ఒట్టి బువ్వేనా. నేను అడిగినానని చెప్పొద్దు అనేది. మరుసటిరోజు అవ్వ అడిగేది. మీ జేజి మోకాళ్లు ఎట్లుండాయి, చెరువు దాకా నడిచే పోతాందా. నేను అడిగినానని చెప్పొద్దు. నేను రెండు ఇండ్లకూ ఇట్ల సమాచారం మోసేదాన్ని. నాకు అప్పటికే అర్థమైపోయింది. జేజికి ఆ పెట్టె అక్కర్లేదు, ఆ మనిషి కావాల. ఏండ్లతరబడి ఆ మనిషి లేక జేజి లోపల ఒక పక్క ఎండిపోయి ఉంది. ఆ మాట మాత్రం నోటితో చెప్పదు.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరపడినప్పుడు ఒక కబురు వచ్చింది. ఆ పిల్ల నాయనకు కడపలో పని దొరికింది, ఇల్లు అక్కడికి మార్చేస్తాండారు. అవ్వ, పిల్ల, టీవీ, అన్నీ కడపకే. చిన్నాయన వాళ్లను అక్కడ దింపి కువైట్‌కు పోతాడు. జేజికి చెప్తే, పోనీలే, మంచిదే అనింది. ఆ పూట రొట్టెలన్నీ మాడినాయి. మాడిన రొట్టె జేజి చేతినుంచి నేను అంతవరకూ చూడలేదు.

వాళ్లు పోయేముందు సాయంత్రం ఆ పిల్లా నేనూ ఎట్లైనా వంతెన దాటాలని కూర్చున్నాము. సామాన్లు మూటలు కట్టేసినారు, టీవీ ఒక్కటే మిగిలింది. పడతాండాం, లేస్తాండాం, మళ్లా పడతాండాం. దీపాలవేళ దాటిపోయింది, మాకు తెలీలేదు. నువ్వు ఉరికినావు, నువ్వు ఆగినావు అని మొదలుపెట్టి ఇద్దరమూ ఏడుపుకు దిగినాము. ఆ ఏడుపు ఆట గురించి కాదు, తెల్లారితే విడిపోతామని. అది చెప్పడం చేతగాక రిమోట్లు విసిరికొట్టుకుంటాండాము. అప్పుడు గడప దగ్గర నీడ పడింది. జేజి. కొంగు నడుముకు చుట్టుకొని, గడప అవతలే నిలబడి, నా పెట్టె ఇంకా రాలేదు అనింది. ఎవరితో అనిందో తెలీదు, తలుపుచెక్కతో అన్నట్టు ఉంది.

అవ్వ మంచం మీదనుంచి మా ఇద్దరి వైపు చూసి మెల్లగా అనింది.

"పాట లేకుండా అడుగులు యాడ కలుస్తాయే. ఎవురో ఒకరు ఎత్తుకోండి."

జేజి తలుపుచెక్కను చూస్తానే అనింది. "ఎత్తుకునేది ఎవురైనా ఎత్తుకుంటారు. నడిమధ్యలో ఇడిసిపెట్టకుండా ఉండల్ల."

"నేను ఇడిసిపెట్టలే. ఊపిరి అందలే. ముందుకు ముందుకు పోతాంటే నేను ఎట్ల అందుకునేది."

జేజి తల తిప్పింది. నేను పుట్టినాక ఆమె ఆ అవ్వ ముఖంలోకి చూడటం అదే మొదలు. "ఊపిరి అందలేదా?"

"ఆ పొద్దే మొదలాయె ఈ దగ్గు."

"చెప్పుండొచ్చు కదా."

"నువ్వు అడిగితే కదా చెప్పేది."

జేజి గడప దాటింది. వచ్చి మంచం పక్కన కింద కూర్చొని, నా చేతిలో రిమోట్ లాక్కుంది. తలకిందులుగా పట్టుకుంది, నేను తిప్పి పెట్టినాను. ఆ పిల్ల రెండో రిమోట్ అవ్వ ఒళ్లో పెట్టింది. యా మీట నొక్కాలో చూపించినాము. కలుపు తీసేటప్పుడు ఇద్దరూ పాడుకున్న కీర్తన ఒకటి ఉంది, జేజి దాన్ని లోగొంతులో ఎత్తుకుంది, మామూలుగా పాడేదానికంటే సగం వేగంలో. అవ్వ అందుకుంది. తాళం దెబ్బకు ఒక మీట. వాళ్లు తెరవైపు సరిగా చూడనుకూడా లేదు. ఎర్ర టోపీ, నీలం టోపీ ఒకే అడుగు వేస్తా రాళ్లు దాటినారు, ఇసుక దాటినారు. కుండ కదల్లేదు. చిన్నాయన మూట కడతా కడతా తాడు చేతిలో పట్టుకొని అట్లనే నిలబడిపోయినాడు.

వంతెన మధ్యలోకి వచ్చినారు. అక్కడ అవ్వకు దగ్గు తగులుకుంది. పాట తెగింది. ఎర్ర టోపీవాడు ఊగే చెక్కమీద నిలబడిపోయినాడు. జేజి బొటనవేలు అప్పటికే పైకి లేచింది. అది దిగలేదు. అట్లనే గాల్లో ఆగిపోయింది. నీలం టోపీవాడూ ఆగినాడు. జేజి మాత్రం పాట వదల్లేదు, ఆ ఆఖరు అక్షరాన్నే సన్నగా సాగదీస్తా పట్టుకొని ఉంది. పైన మూలలో నీటిచుక్క చిన్నదవుతాంది. ఆ పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి అవ్వకు పట్టింది. నాకు ఉండబట్టలేదు.

"జేజీ, నీళ్లు ఎండిపోతాండాయి."

"ఎండిపోనీలేమే" అనింది జేజి.

జీవితంలో ఎవరి కోసమూ ఆగని మనిషి. అవ్వ దగ్గు తగ్గిందాకా, నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, మళ్లా రిమోట్ చేతికి తీసుకున్నదాకా, ఆ అక్షరం మీదనే ఉండిపోయింది. అవ్వ ఊఁ అనింది. మళ్లా ఇద్దరూ ఒకేసారి అడుగు వేసినారు.

వంతెన అవతల ఒక చిన్న చేను. అంతే. ఇన్ని రోజులూ మేము కొట్లాడుకున్నది దానికోసం. ఇద్దరు మనుషులూ కుండ దించి వంచితే అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు పడినాయి. నేలలోనుంచి ఒక మొలక లేచింది, రెండు ఆకులు. ఇంకా నీళ్లు ఉంటే ఇంకా మొలకలు వచ్చేవేమో. అవ్వ కళ్లు చికిలించి చూసింది.

"ఒకటే మొలిచె."

"నువ్వు దగ్గకుండా ఉంటే ఇంకోటి మొలుస్తాండె" అనింది జేజి. అవ్వ నవ్వింది, నవ్వితే మళ్లా దగ్గు, ఆ దగ్గుకు జేజి వీపు రాసింది. ఆ పూట పెట్టె మా ఇంటికి రాలేదు, జేజి కూడా ఆలస్యంగానే వచ్చింది.

తెల్లారి లారీలోకి సామాన్లు ఎక్కిస్తాంటే జేజి తానే పెట్టె మోసుకొని వీధి దాటింది. అవ్వ మళ్లా మొదలుపెట్టింది, దేవునిది మేము ఎట్ల తీసుకుంటామని. ఇది ఇప్పుడు దేవునిది కాదు, నాది, నేను పాడుకున్నా, నా వస్తువు నా ఇష్టమొచ్చినోళ్లకు ఇస్తా అనింది జేజి. కానీ పెట్టె అప్పగించేముందు ఒక రిమోట్ తీగతో సహా పీకి నడుములో దోపుకుంది. ఇది ఈడే ఉంటాది, ఆడుకోవాలంటే ఆయమ్మ ఈడికి రావల్ల అనింది.

ఆయమ్మ వచ్చింది. ప్రతి కోత పండుగకూ కడప బస్సు దిగి, చంకలో పెట్టెతో, మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చేది. వాళ్లు మా బుడ్డలను శనక్కాయలు అనడం మొదలుపెట్టినారని మేము ఎగతాళి చేసేవాళ్లం. ఆపాటికి మా నాయన కూడా ఒక పాత టీవీ కొన్నాడు, అందులో టోపీలు రెండూ బూడిదరంగే. చాపమీద ఇద్దరూ మళ్లా ముందర కూర్చున్నారు. జేజి ప్రతి చరణం చివరా ఒక ఊపిరి ఆగేది. ముందర పాడేవాళ్లు ఆగితే వెనకవాళ్లూ ఆగాల కదా. అయ్యగారు గడియారం చూసుకుంటా కూర్చునేవాడు. మా గుడిలో కీర్తనలు శానా నిదానమని, మధ్యాహ్నం బువ్వ చల్లారిపోతుందని పక్కూరివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. చరణం చివర ఎందుకు ఆగుతారో ఇప్పటి పిల్లలకు తెలీదు, పెద్దలు ఆగుతారు కాబట్టి ఆగుతారు.

ముందర పోయింది మా జేజి. అన్నిటికీ తొందరపడే మనిషి, దానికీ పడింది. సమాధుల తోటలో ఎర్రమట్టి కుప్ప పక్కన అవ్వను కుర్చీ వేసి కూర్చోబెట్టినారు. ఎవరు ఎత్తుకుంటారని అయ్యగారు అడిగితే అవ్వే ఎత్తుకుంది, అదే కలుపు కీర్తన. చరణం చివరికి వచ్చి ఆగింది. అందరమూ ఆగినాము, అలవాటే కదా. కానీ అవ్వ మళ్లా ఎత్తుకోలేదు. ఆ ఆఖరు అక్షరాన్ని సన్నగా పట్టుకొని, మట్టికుప్పను చూస్తా ఉండిపోయింది. దగ్గు కాదు. మరిచిపోయిందని జనం అనుకున్నారు, ఒకరిద్దరు పదం అందించబోయినారు. నా పక్కన ఉన్న ఆ పిల్ల నా చెయ్యి నొప్పి పుట్టేటట్టు పట్టుకుంది. మేము ఇద్దరమూ ఒకటే చూస్తాండాము, ఊగే చెక్కవంతెన, దానిమీద నిలబడిన ఎర్ర టోపీ. శానాసేపటికి అవ్వ తనకు తానే ఊఁ అనుకొని మిగతా పాట ఒక్కతే పాడి ముగించింది.

ఇదంతా నా కొడుకుకు చెప్పలేదు. కొంత చెప్పినాను, కొన్ని నోట్లోనే ఆగిపోయినాయి. ట్రంకుపెట్టె అడుగునుంచి రిమోట్ తీసి చూపిస్తే, ఇది ఒకటేనా, రెండోది ఏదమ్మా అన్నాడు. రెండోది, పెట్టె, కడపలో ఆ పిల్ల ఇంట్లో అటకమీద ఉన్నాయి. ఆ పిల్ల ఇప్పుడు తానే అవ్వ కాబోతాంది, అయినా నాకు ఆ పిల్లే. ఫోన్ చేసి ఆట గురించి చెప్తే, ఎవడే దాన్ని చెత్త అనింది అని నా మీదికే ఎగిరింది.

ఎవురితో ఆడినావురా అని వాడిని అడిగినాను. ఒక్కడినే అన్నాడు, వెనక మనిషిని ఫోనే నడిపిస్తుందంట. వాడు ఎవరికోసమూ ఆగడు, ఎవరినీ అందుకోడు, వాడి లెక్క ప్రకారం వాడు నడుస్తాడు. మరి ఇద్దరు ఆడేది లేదా అంటే, ఉందమ్మా, ఎప్పుడూ నొక్కలేదు అన్నాడు. నాకు గుంపు కొట్లాట అక్కడే తెగిపోయింది. దాన్ని తిట్టేవాళ్లదీ తప్పు కాదు. నేను కూడా ఒక్కదాన్నే ఆడి ఉంటే రెండోరోజే క్యాసెట్ పీకి పారేసి ఉందును. నువ్వేం రాస్తావు వాళ్లకు అని వాడు అడిగితే, నేనేం రాయను, మీరు ఎవరితో ఆడినారో చెప్పండి అని ఒక్కమాట అడిగి చూడు అన్నాను. అడిగినాడు. అన్నయ్యతో అని ఒకరు, చనిపోయిన మా నాయనతో అని ఒకరు, ఇట్ల ఒక్కొక్కరే చెప్పుకుంటా వస్తాండారు. తిట్టేవాళ్లు ఇంకా తిడతానే ఉన్నారు.

సాయంత్రం వాడు దాన్ని పెద్ద టీవీకి తగిలించి, వాడి దగ్గరున్న రిమోట్లలో ఒకటి నా చేతికిచ్చినాడు. మొదటి రాయి దగ్గరే నీళ్లు ఒలికినాయి. నువ్వు ఆగిపోతాండావమ్మా అన్నాడు. నువ్వే ఉరుకుతాండావు అన్నాను. పాట ఎత్తుకోమంటే వాడికి సిగ్గు, నేనే ఎత్తుకున్నాను. రెండు మూడుసార్లు పడినాక అడుగు కుదిరింది. ఇసుక దాటినాము. చెక్కవంతెన కనిపించేసరికి నాకు తెర మసకబారింది, కళ్లద్దాలు తీయాల్సి వచ్చింది, పాట తెగింది. నా మనిషి నిలబడిపోయినాడు. పక్కకు చూస్తే వాడి బొటనవేలు గాల్లో ఉంది, దించలేదు.

"నీళ్లు ఎండిపోతాండాయి రా" అన్నాను.

"ఎండిపోనీలేమ్మా" అన్నాడు వాడు. "నువ్వు కళ్లు తుడుచుకో."